చూపుండగానే

పరిశుద్ధ గ్రంథములో ముసలితనమున కన్నులు మసకబారినవారు పలువురు కనబడుదురు. ఇస్సాకు చూపు మందగించినందున తన యెదుట నిలిచినవాడు పెద్దకుమారుడో చిన్నకుమారుడో చేతితో తడవి చూడవలసి వచ్చెను. షిలోహులో యాజకుడైన ఏలీకిని, ప్రవక్తయైన అహీయాకును అట్లే చూపు తప్పెను. ఆ దినములలో దానికి చికిత్స లేదు. తల నెరసినట్లే చూపు పోవుటయు సహజమని జనులెంచిరి.

మన పల్లెలలో నేటికిని అనేకుల తలంపు ఇదే. "వయసైపోయెను, ఇంక చూపెక్కడిది?" అని అరుగుమీద గోడకానుకొని కూర్చుండిపోవుదురు. ఈ మాట ఒకప్పుడు నిజము. ఇప్పుడు నిజము కాదు. అది ఎట్లు మారెనో తెలిసికొనుటకు దూరదేశము పోనక్కరలేదు. మన చిత్తూరు, తిరుపతి సీమలలోను, వాటి పొరుగునను జరిగిన సంగతులే చాలును.

ముసలివారి చూపును మరుగుచేయువాటిలో మొదటిది శుక్లము. కంటిపాప వెనుక స్వచ్ఛమైన గాజువలె నుండవలసిన కటకము తెల్లబారి, వెలుగును లోపలికి పోనియ్యదు. దీనికి మన దేశమున అతి ప్రాచీన కాలమునుండి ఒక చికిత్స యుండెను. సుశ్రుతుని పేర నున్న వైద్య గ్రంథములోనే సూదితో శుక్లమును తొలగించు విధము చెప్పబడియున్నది. తరువాతి కాలమున ఊరూర తిరుగు వైద్యులు ఆ పని చేయుచు వచ్చిరి. రోగిని వెలుగులో కూర్చుండబెట్టి, కంటిలో సూది గ్రుచ్చి, తెల్లబారిన కటకమును కంటి లోపలికే వెనుకకు త్రోసివేయుదురు. వెంటనే వెలుగు కనబడును. ముసలివాడు తన మనుమని ముఖము చూచి ఏడ్చును. వైద్యుడు తన కూలి పుచ్చుకొని వెళ్లిపోవును. కొన్ని దినములకు కన్ను వాచి, చీముపట్టి, పోటు పుట్టి, అనేకులకు ఉన్న కాస్త వెలుగును శాశ్వతముగా ఆరిపోవును. అప్పటికి వైద్యుడు వేరొక ఊరిలో నుండును.

అట్లు చెడిన కన్నులతో జనులు మద్రాసుకు పోవుచుండిరి. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడక మునుపు మన సీమలో అధిక భాగము ఉత్తర ఆర్కాటు జిల్లాలో చేరియుండెను. మనకు పెద్ద పట్టణము మద్రాసే. అక్కడ 1819లోనే ఒక కంటి ఆసుపత్రి స్థాపింపబడెను. లోకములోని మిక్కిలి పాత కంటి ఆసుపత్రులలో అది యొకటి. ఇరువదవ శతాబ్దపు ఆరంభమున అక్కడ పనిచేసిన ఎలియట్ అను దొర, సూది వైద్యముచేత చెడిన కన్నులను ఓపికతో పరీక్షించి, ఆ చికిత్స వలని హానిని గూర్చి 1917లో ఒక గ్రంథము ప్రకటించెను. ఈ ఎలియట్ దొరను జ్ఞాపకముంచుకొనుడి. ఆయన మాట మరల రావలసియున్నది.

మద్రాసు దూరము. బీదవాడు రైలుకూలి ఎక్కడ తెచ్చును? అయితే చిత్తూరికి ఇరువది పైచిలుకు మైళ్ల దూరమున రాయవేలూరు ఉన్నది. రాణిపేటలో 1870లో జన్మించిన ఐడా స్కడ్డరు దొరసాని వైద్యము నేర్చి తిరిగివచ్చి, 1902లో రాయవేలూరున నలువది మంచముల షెల్ ఆసుపత్రిని తెరచెను. రోగులు తనయొద్దకు వచ్చువరకు ఆమె కనిపెట్టుకొని యుండలేదు. మందుల పెట్టెతో బండిమీద బయలుదేరి, దారి ప్రక్కన చెట్లక్రింద ఆగి, పల్లెజనులకు వైద్యము చేయుచు వచ్చెను. ఆ షెల్ ఆసుపత్రియే తరువాత కన్నులకు ప్రత్యేకమైన ఆసుపత్రియై, క్రైస్తవ వైద్య కళాశాలలో భాగముగా నేటివరకు నిలిచియున్నది. మన తెలుగు పల్లెలలో "రాయవేలూరికి పోయి కన్ను చూపించుకొంటిని" అను మాట తాతల నాటినుండి వినబడుచున్నది.

1947లో విక్టరు రాంబో అను డాక్టరుగారు రాయవేలూరులోని కంటి విభాగమునకు వచ్చిరి. ఆయన మన దేశమందే లండౌరులో జన్మించిన మిషనరీ కుమారుడు. మధ్య పరగణాలలోని ముంగేలీ అను చిన్న ఊరిలో చాల సంవత్సరములు పనిచేసినవాడు. గ్రుడ్డివాడు ఆసుపత్రికి దారి కనుగొనలేడు గనుక ఆసుపత్రియే గ్రుడ్డివాని యొద్దకు పోవలెనని ఆయన యెంచెను. వైద్యులును, దాదులును, ఆపరేషను సామానును బండిలో ఎక్కి పల్లెలకు పోవుదురు. ఒక బడియో సత్రమో శుభ్రముచేసి ఆపరేషను గదిగా మార్చుదురు. ఆపరేషను అయినవారు చాపలమీద వరుసగా, కన్నులకు కట్లతో, తల కదల్చక దినములకొలది పరుండవలెను. కట్టు విప్పిన తరువాత లావైన సోడాబుడ్డి అద్దములు ఇచ్చెదరు. అవి లేనిదే ఏమియు కానరాదు. అయినను ఆ అద్దములతోనే ఎందరో మరల పొలమునకు పోయిరి, ఎందరో మరల గ్రంథము చదువుకొనిరి.

ఇట్టి శిబిరములు మిషనువారు మాత్రమే చేసిరని అనుకొనవద్దు. కన్నడ దేశస్థుడైన డాక్టరు ఎం. సి. మోదీ తన ఆయుష్కాలమంతయు ఊరూర తిరిగి లక్షలాది కన్నులకు ఆపరేషను చేసెను. ఒకే దినమున 833 శుక్లముల ఆపరేషన్లు చేసినట్లు ఆయన పేరు గిన్నీస్ పుస్తకమున కెక్కినది. అది మన తిరుపతిలోనే జరిగెనని చెప్పుకొందురు. ఆయన 2005లో కాలధర్మము చెందెను.

తరువాత మరియొక మార్పు వచ్చెను. యుద్ధవిమానముల గాజు వంటి ప్లాస్టికు ముక్కలు పైలట్ల కన్నులలో దిగబడినను కన్ను వాటిని సహించుట చూచి, లండనులో హెరాల్డ్ రిడ్లీ అను వైద్యుడు 1949లో మొదటిసారి కంటిలోపలనే కృత్రిమ కటకము అమర్చెను. చాల ఏండ్లు అది ధనికులకు మాత్రమే దొరికెను. మదురలో 1976లో డాక్టరు జి. వెంకటస్వామి పదవీ విరమణ చేసిన పిమ్మట, కీళ్లవాతముచేత వంకరలు పోయిన వ్రేళ్లతోనే, 11 మంచములతో అరవింద కంటి ఆసుపత్రిని ఆరంభించెను. 1992 నుండి ఆ సంస్థవారే కటకములను చౌకగా తయారుచేయసాగిరి. ఆ ఆసుపత్రి శాఖ 2019లో మన తిరుపతికిని వచ్చినది. ఇప్పుడు శిబిరములలో కన్నులు చూచి, ఆపరేషను కావలసినవారిని ఆసుపత్రికే తీసికొనిపోవుదురు. చాపలు లేవు, సోడాబుడ్డి అద్దములు లేవు, దినములకొలది కదలక పరుండుట లేదు. ఉదయము పోయినవాడు అనేక పర్యాయములు సాయంత్రమే ఇల్లు చేరును.

ఇంతవరకు చదివి, "అయితే భయమేల? చూపు పోయినప్పుడు పోయి తెచ్చుకొందము" అని మీరు అనవచ్చును. ప్రియ చదువరీ, ఈ చరిత్రలో మనము తప్పుగా నేర్చుకొనిన పాఠము ఇదియే. శుక్లము తెర వంటిది. తెరను తీసి వేరొకటి పెట్టవచ్చును. కాని తెర వెనుక దీపమే ఆరిపోయిన యెడల తెర తీసి యేమి ప్రయోజనము?

ఎలియట్ దొరను జ్ఞాపకముంచుకొనుడంటిని. ఆయన మద్రాసులోనే 1909లో మరియొక జబ్బుకు క్రొత్త ఆపరేషను కనుగొని లోకప్రసిద్ధి పొందెను. ఆ జబ్బు గ్లాకోమా, తెలుగున నీటికాసులు. కంటిలో ఊరు నీరు సరిగా బయటికి పోక, లోపలి ఒత్తిడి పెరిగి, కంటినుండి మెదడునకు పోవు నరమును కొంచెము కొంచెముగా నలిపివేయును. అనేకులకు నొప్పి యుండదు, ఎరుపు ఉండదు. మొదట ప్రక్క చూపు పోవును. ఎదుట నున్నది కనబడుచునే యుండును గనుక తెలియదు. గడప తగిలి పడిన పెద్దను చూచి "పరధ్యానము" అని మనము నవ్వుదుము. ఆయనయు నవ్వును. నరములో పోయిన భాగమును ఎలియట్ ఆపరేషను తిరిగి తేలేకపోయెను, నేటి ఏ ఆపరేషనును తేలేదు. మిగిలినదానిని మాత్రమే చుక్కలమందుతోనో ఆపరేషనుతోనో కాపాడవచ్చును.

చక్కెర వ్యాధియు అట్టిదే. కంటి వెనుక నుండు సన్నని రక్తనాళములు చెడి, కారి, చివరకు చిట్లును. అది జరుగుచున్నంతసేపు చూపు బాగుగనే యుండవచ్చును. చూపు తగ్గిన తరువాత వచ్చువానికి చేయగలిగినది స్వల్పము. ముందుగా కనుగొనిన యెడల లేసరు వెలుగుతోను, సూదిమందుతోను ఆపవచ్చును.

కన్నులనుగూర్చి మన తెలుగునాట ఒక గొప్ప పరిశోధన జరిగినది. 1987లో డాక్టరు గుళ్లపల్లి నాగేశ్వరరావు హైదరాబాదున స్థాపించిన ఎల్. వి. ప్రసాద్ కంటి సంస్థవారు, 1996 మొదలు 2000 వరకు నాలుగు ప్రాంతములలో పదివేలకు పైగా జనుల కన్నులు పరీక్షించిరి. చూపు పోయినవారిలో సుమారు 44 శాతము మంది శుక్లమువలన, సుమారు 16 శాతము మంది కేవలము తగిన అద్దములు లేకపోవుటవలన అంధులైయుండిరి. ఆలోచించుడి. ఒక జత అద్దములు లేక గ్రుడ్డివారు! మరియు నీటికాసులున్నవారిలో అత్యధికులకు తమకు ఆ జబ్బు ఉన్నదనియే తెలియదు.

గనుక చూపుండగానే కన్ను చూపించుకొనవలెను. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొనుట మనకు తగదు. ఎవరెవరు ఎప్పుడు పోవలెనో వ్రాయుచున్నాను, ఇంటిలో చదివి వినిపించుడి.

నెలలు నిండకముందే గాని మిక్కిలి తక్కువ బరువుతో గాని పుట్టిన బిడ్డను 30 దినములలోపల కంటి వైద్యునికి చూపవలెను. మెల్లకన్ను గల బిడ్డను "అదృష్టము" అని ముద్దాడి ఊరకుండకుడి. వాడని కన్ను చూచుటయే నేర్చుకొనదు, పెద్దయిన తరువాత దానిని దిద్దుట కష్టము. బడిలో చేర్చక ముందు ప్రతి బిడ్డకు ఒకసారి పరీక్ష కావలెను. నల్లబల్ల కానక వెనుకబడిన బిడ్డను మొద్దని కొట్టినవారు మనలో ఎందరు లేరు? నలువది ఏండ్లకు చత్వారము వచ్చును. అప్పుడు సంతలో అద్దములు ఏరుకొని తృప్తిపడక వైద్యునియొద్దకే పొండు. ఏలయనగా సంతలోనివాడు అద్దము అమ్మును గాని కంటి ఒత్తిడి చూడడు, నరము చూడడు. ఆ తరువాత రెండేండ్ల కొకమారైనను పరీక్ష చేయించుకొనుడి. చక్కెర వ్యాధి గలవారు చూపు ఎంత బాగున్నను ఏడాది కొకమారు తప్పక పోవలెను. తల్లిదండ్రులలోనో తోబుట్టువులలోనో నీటికాసులున్నవారును అంతే. చుక్కలువేసి పాపను పెద్దది చేసి లోపల చూచెదరు గనుక కొన్ని గంటలు మసకగా నుండును. తోడు ఒకరిని తీసికొనిపొండు.

ఇంటివద్ద చేయదగిన చిన్న పరీక్ష ఒకటి కలదు. ఒక కన్ను మూసి రెండవదానితో గోడమీది క్యాలెండరు చూడుడి, తరువాత మార్చి చూడుడి. ఒక కన్ను ఎప్పుడో పోయినను రెండవ కన్ను దాని లోటు కప్పుచుండుటచేత తెలియనివారు కలరు. అయితే ఇది వైద్యుని పరీక్షకు బదులు కాదు. చెరకు ఆకు కోసినను, నలుసు పడినను, కంటిలో ఆకుపసరు పోయవద్దు, చనుబాలు పోయవద్దు. ఆ దినమే ఆసుపత్రికి పొండు.

చివరిమాట. యెరికో త్రోవప్రక్కను కూర్చున్న బర్తిమయి కేకలు వేసినప్పుడు అనేకులు ఊరకుండుమని వానిని గద్దించిరి. మన యిండ్లలోను అట్టివారున్నారు. చూపు పోయినవారిలో స్త్రీలే ఎక్కువమంది. ఏలయనగా ఇంటిలో వైద్యపు ఖర్చు వచ్చినప్పుడు అవ్వ కన్ను కడపటిది. శనక్కాయలు అమ్మిన తరువాత చూతమందురు, మామిడికాయ కోత కానిమ్మందురు. అవ్వయు, "నాకెందుకురా నాయనా" అనును. ఆ మాట నమ్మకుడి. వచ్చు ఆదివారము ఆరాధన ముగిసిన పిమ్మట మీ సంఘములో ఎవరు పాటల పుస్తకము దూరముగా పట్టుకొనుచున్నారో, ఎవరు మెట్టు తడవి దిగుచున్నారో గమనించుడి. ఒకరి చేయి పట్టుకొని ఆసుపత్రికి నడిపించుడి. మరియు మీరును వారితోపాటు ఆ కుర్చీలో కూర్చుండుడి. బాగుగా కనబడుచున్నది గదా అని తిరిగి రావద్దు. బాగుగా కనబడుచున్నప్పుడే పోవలెను.