బారీతకు లండన్ పెట్టిన వంక

జులై 25 ప్రపంచ నీటమునకల నివారణ దినం. 'గురువారంలోగా ఈత మీద ఏదైనా రాసివ్వండి' అని ఫోన్ రాగానే నాకు కొమ్మమూరు కాలువ గుర్తొచ్చింది. నడుముకు సొరబుర్ర, గట్టు మీద బాబాయి కేక: "తల పైకెత్తరా, నీళ్లు తాగుతావ్!" ఆ మాట మరవడానికి నాకు ముప్పై ఏళ్లు పట్టింది.

నాగార్జునకొండలో ఇక్ష్వాకులు క్రీ.శ. 3, 4 శతాబ్దాల్లోనే కృష్ణ ఒడ్డున రాతి స్నానఘట్టం కట్టారు. వాళ్ల శాసనాలు దానధర్మాల గురించి చెప్పినంతగా ఈతల గురించి చెప్పవు. ఆ లోయ కూడా ఇప్పుడు సాగర్ నీళ్ల అడుగునే ఉంది. కాబట్టి ఒక్క దూకున 1855కు వద్దాం. బెజవాడ ఆనకట్ట పూర్తయి డెల్టా ఊళ్లకు కాలువలొచ్చాయి. మెట్ట ఊళ్లకు మోటబావులు ఎటూ ఉన్నాయి. కుక్క ఈత, వెల్లకిల ఈత, మునుగీత, అన్నిటికీ పైన బారీత. చెయ్యి తర్వాత చెయ్యి బారచాపి ముందుకు విసరడమే బారీత. తల నీళ్లలో పెడితే ఇంచుమించు ఇవాళ్టి ఫ్రీస్టైల్.

ఈ చేతుల విసురుకు లండన్‌లో జరిగిన మర్యాద చూడండి. 1844లో ఉత్తర అమెరికా ఒజిబ్వే తెగవాళ్లు ఇద్దరు, ఫ్లయింగ్ గల్, టొబాకో అనేవాళ్లు, హైహోల్బోర్న్ కొలనులో పోటీపడ్డారు. 130 అడుగులు 30 సెకన్లలో ఈదేశారు. గాలిమర రెక్కల్లా ఆ చేతులేమిటి, ఆ నీళ్లు చిమ్మడమేమిటి అని పత్రికలు ముక్కు విరిచాయి. వేగం కళ్లారా చూసి కూడా దొరలు కప్ప ఈతనే పట్టుకు వేలాడారు! మన కాలువ గట్టున నిలబడి ఉంటే ఇంకేమనేవారో. 1873లో జాన్ ట్రడ్జెన్ దక్షిణ అమెరికాలో నేర్చిన చేతి విసురు తెచ్చాడు. కాళ్లు మాత్రం కప్పవే. ఆ తర్వాత సిడ్నీలో సాలమన్ దీవుల కుర్రాడు అలిక్ విక్‌హామ్ ఈదుతుంటే 'ఆ పిల్లాడు ఎలా పాకుతున్నాడో చూడండి' అని ఒక కోచ్ అన్నాడట. ఈ ఈతకు క్రాల్ అనే పేరు అలా వచ్చిందంటారు. కట్టుకథైనా నాకిష్టం.

1922లో జానీ వైస్‌ముల్లర్ 100 మీటర్లను 58.6 సెకన్లలో ఈది, నిమిషం లోపు ముగించిన మొదటివాడయ్యాడు. తర్వాత సినిమాల్లో టార్జాన్ అయ్యాడు. అతనూ తల ఎత్తే ఈదేవాడు. తల ఎత్తమన్న బాబాయి ఒంటరివాడేం కాదు.

కానీ టార్జాన్ ఒళ్లు మనకు లేదే! తల లేస్తే కాళ్లు మునుగుతాయి. ముఖం నీళ్లలో ఉంచి ఊపిరి అక్కడే బుడబుడా వదిలేయాలి. ఒళ్లు పక్కకు దొర్లినప్పుడు దాంతోపాటే మొహం తిప్పి, ఒక కన్ను నీళ్లలోనే ఉండగా గుక్క పీల్చుకోవాలి. ఆయాసం చాలాసార్లు గాలి అందక కాదు, లోపలి గాలి వదలక. చేతిని భుజానికి ఎదురుగా వేళ్లతో దించాలి, నడిమధ్యకు అడ్డం రానీకూడదు. గుంటూరు యార్డులో మిర్చి టిక్కీ మీదుగా చెయ్యి వేసి అవతలి అంచు పట్టుకున్నట్టు, మోచెయ్యి పైనే ఉంచి ముంజేతితో నీటిని తొడదాకా వెనక్కి నెట్టాలి.

మళ్లీ మన కాలువల దగ్గరికొస్తే, ఇక్కడి నుంచి కథ చెదిరిపోతుంది. 1967లో సాగర్ కుడికాలువకు నీళ్లొదిలారు. మోటబావులు బోర్లకు దారిచ్చాయి, సొరబుర్ర స్థానంలోకి గాగుల్స్ వచ్చాయి. నలభై దాటాక ఈత నేర్చుకున్న సామర్లకోట ఆడపడుచు గోలి శ్యామల 2021 మార్చిలో పాక్ జలసంధినే ఈదేశారు. మీకింకా వయసు మించలేదు.

పిల్లలకు మాత్రం ముందు బకెట్ దగ్గర, మీరు పక్కనే ఉండి, బుడగలు ఊదడం నేర్పండి. సాగర్ కాలువకు ఒంటరిగా పంపకండి. సిమెంటు వాలు పాచి పట్టి ఉంటుంది, చేతికి పట్టు దొరకదు.