అడుగుకో పౌండు

లండన్‌లో మేముండే ట్వికెన్‌హామ్ వైపు పాత సినిమా స్టూడియో ఒకటి ఇప్పటికీ ఉంది. 1930ల్లో జూలియస్ హేగన్ అనే నిర్మాత అక్కడ రాత్రనకా పగలనకా షిఫ్టులు నడిపి సినిమాలు చుట్టేయించేవాడు. ఆ బాపతు సినిమాలకు ఇక్కడ ‘కోటా క్విక్కీ’లని పేరు. పేరు పెట్టింది మెచ్చుకోలుగా కాదని వేరే చెప్పాలా?

అంతటికీ మూలం ఒక చట్టం. 1920ల మధ్యకల్లా బ్రిటన్ థియేటర్లలో స్వదేశీ బొమ్మలు నూటికి అయిదు వంతులకు పడిపోయాయి. ఎక్కడ చూసినా హాలీవుడ్ సరుకే. దాంతో 1927లో పార్లమెంటు కోటా పెట్టింది. డిస్ట్రిబ్యూటర్లు తెచ్చే సినిమాల్లో మొదట 7.5 శాతం, పోనుపోను 20 శాతం బ్రిటిష్‌వి ఉండాలి. అలా లెక్కకు రావాలంటే బ్రిటిష్ సామ్రాజ్యంలో తీసి ఉండాలి, జీతాల్లో ముప్పాతిక వంతు బ్రిటిష్ ప్రజలకు ముట్టాలి. లెక్కంతా రీలు పొడవు మీదే. బాగుందా లేదా అన్న ఊసే లేదు.

అమెరికన్ కంపెనీలు తక్కువ తిన్నాయా? ఇక్కడి నిర్మాతలకు అడుగుకు పౌండు లెక్కన గుత్తకిచ్చేశాయి. 6,000 అడుగులంటే గంట దాటి ఆరేడు నిమిషాల బొమ్మ. చేతికొచ్చేది 6,000 పౌండ్లు. ఖర్చులు పోను మిగిలిందే నిర్మాతకు లాభం కాబట్టి రెండో టేక్ అడిగిన డైరెక్టరు శత్రువుతో సమానం. కొన్నిటిని పొద్దున్నే, హాలు ఊడ్చేవాళ్లు తప్ప ఎవరూ లేని వేళ ఆడించి కోటా అయిందనిపించేవారని ఇప్పటికీ చెప్పుకుంటారు.

నన్నడిగితే తీసినవాళ్లను తిట్టి లాభం లేదు. కొలబద్ద చేతికిచ్చి కళ తెమ్మంటే ఎలా? అయినా అందులోనే దర్శకుడు మైకేల్ పవెల్ ఇరవైకి పైగా తీసి రాటుదేలాడు. నటుడు జేమ్స్ మేసన్ మొదటి సినిమా ఇలాంటిదే. ఎరల్ ఫ్లిన్ టెడింగ్టన్‌లో ఓ క్విక్కీలో కనబడ్డాకే హాలీవుడ్ వెళ్లాడు. ఆ సినిమా ప్రింటు ఇవాళ ఎక్కడా దొరకదు. చివరికి 1938 చట్టం, ఒక్కో పెద్ద సినిమాకు జీతాలకే కనీసం 7,500 పౌండ్లు పెట్టాలని గీత గీసింది.

సామ్రాజ్యమంటే అప్పుడు మనమూ అందులోవాళ్లమే. సామ్రాజ్యపు సినిమాలకు ఇండియాలో ప్రాధాన్యం ఇవ్వొచ్చా అన్న ప్రశ్న 1927లో మద్రాసు వకీలు టి. రంగాచారి అధ్యక్షతన వేసిన కమిటీ ముందుకొచ్చింది. కమిటీ నివేదిక అక్కర్లేదంది. థియేటర్లలో కోటా పెట్టదలుచుకుంటే భారతీయ సినిమాలకే పెట్టమంది. సర్కారు ఆ నివేదికను అటకెక్కించింది.