గాటు మారిన ర్యామ్

సికింద్రాబాద్ సీటీసీలో, అంటే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో, ల్యాప్‌టాప్‌కి ర్యామ్ అడిగితే ముందు ధర చెప్పరు. "పాత స్టిక్ తెచ్చారా సార్?" అంటారు. నేను తీసుకెళ్లలేదు. "8 జీబీ చాలు, డీడీఆర్4 ఇవ్వండి" అని గొప్పగా చెప్పి కొనుక్కొచ్చాను. ఇంట్లో స్క్రూలు విప్పి పెట్టబోతే స్టిక్ అంచున ఉన్న గాటు ఒకచోట, స్లాట్‌లోని బొడిపె ఇంకోచోట. పైగా స్టిక్ 2 మిల్లీమీటర్లు పొడవెక్కువ.

ఆ గాటు ఊరికే పెట్టింది కాదు. ఎందుకో తెలియాలంటే ర్యామ్ కథ కొంత వెనక్కి వెళ్లి చెప్పుకోవాలి. 1966లో ఐబీఎంలో రాబర్ట్ డెనార్డ్ ఒక బిట్‌ని ఒకే ట్రాన్సిస్టర్‌తో, ఒక బుల్లి కెపాసిటర్‌తో దాచే దారి కనిపెట్టాడు. ఆ కెపాసిటర్ చిల్లుకుండ లాంటిది. క్షణక్షణం నింపుతూ ఉండాలి. అయినా చవక, చిన్నది. 1970లో ఇంటెల్ అమ్మిన 1103 చిప్‌లో 1024 బిట్లు పట్టేవి. మెమరీ పెంచాలంటే చిప్‌లు ఒక్కొక్కటే బోర్డుకి గుచ్చాల్సి వచ్చేది. 1983లో వాంగ్ లేబొరేటరీస్‌లో జేమ్స్ క్లేటన్ తొమ్మిది చిప్‌లను ఒక చిన్న పలకకు ఎక్కించాడు. దాని పేరు సిమ్. ఫోన్‌లో వేసేది కాదు లెండి.

ల్యాప్‌టాప్‌లో ఆ పలకకీ చోటు లేదు. కంపెనీలు ఎవరి మెమరీ కార్డు వాళ్లు చేసుకున్నారు. కొనేవాడు వాళ్లడిగినంతా ఇచ్చుకోవాల్సి వచ్చేది. ఆ బాధ తీర్చింది చిప్ పరిశ్రమ ప్రమాణాల సంఘం జెడెక్ ఖరారు చేసిన సోడిమ్. మొదట 72 పిన్నులు, తర్వాత 144. డెస్క్‌టాప్ స్టిక్‌లో సగం పొడవు. ఎవరు చేసినా ఎందులోనైనా పడుతుంది.

పడుతుంది, తరం మారనంత వరకు. తరాల వారీగా చూస్తే డీడీఆర్ 2.5 వోల్టులు, డీడీఆర్2 1.8, డీడీఆర్3 1.5, డీడీఆర్4 1.2, డీడీఆర్5 1.1. ఒకదాని కరెంటు ఇంకొకదానికి తగలకూడదనే గాటు జరుపుతూ వచ్చారు. మొదటి రెండింటికీ పిన్నులు 200 చొప్పునే. గాటు తేడా మాత్రం కళ్లు చికిలించి చూస్తే గాని తెలీదు. తర్వాత 204, 260, 262.

అసలు తంటా డీడీఆర్3ఎల్‌తో. 1.35 వోల్టులతో నడిచే తమ్ముడు. గాటు మాత్రం అన్నదే. 1.35కే కట్టుబడిన మెషీన్‌లో పాత డీడీఆర్3 హాయిగా కూర్చుంటుంది, స్క్రీన్ మాత్రం వెలగదు. గాటు నోరు మెదపని చోటు ఇది.

మర్నాడు పాత స్టిక్ జేబులో వేసుకుని వెళ్లాను. దుకాణంలో కుర్రాడు లేబుల్ చూసి "పీసీ3ఎల్-12800ఎస్" అని చదివాడు. పీసీ3 అంటే డీడీఆర్3, ఎల్ అంటే తక్కువ వోల్టేజీ, 12800 అంటే సెకనుకు అన్ని మెగాబైట్లు, ఎస్ అంటే సోడిమ్. ఇంత జాతకం ఆ కాగితం ముక్క మీదే ఉంటే నేను చదవనే లేదు.

ఈమధ్య మా అమ్మాయి సన్నపాటి ల్యాప్‌టాప్ అడుగు విప్పాను. గాటూ లేదు, స్లాటూ లేదు. చిప్‌లను బోర్డుకే టంకం వేసేశారు. 2008 నాటి మ్యాక్‌బుక్ ఎయిర్‌లోనే 2 జీబీ అలా అతికించి ఉండేది. వేగం పెరిగేకొద్దీ తీగ దూరం తగ్గాలన్నది ఇంజినీర్ల వాదన. అందులో నిజముంది, వ్యాపారమూ ఉంది. 2022లో డెల్ తెచ్చిన క్యామ్ అనే పలక బోర్డు మీద బల్లపరుపుగా పడుకుని స్క్రూలతో బిగుస్తుంది. 2023 డిసెంబరులో జెడెక్ దాన్ని క్యామ్2 పేరుతో ప్రమాణం చేసింది. మా అమ్మాయి దాంట్లో అదీ లేదు. అడుగు మళ్లీ బిగించేశాను.