ఊరందరికీ చెప్తాం, పిల్లకి తప్ప

మన ఇళ్ళల్లో ఆడపిల్ల పెద్దమనిషైతే ఎంత హడావుడో మీకు చెప్పక్కర్లేదు. చాప మీద కూర్చోబెట్టడం, చిమ్మిలి ఉండలు, పేరంటం, ఇప్పుడైతే ఫ్లెక్సీలు కూడా. ఊరందరికీ తెలుస్తుంది. తన ఒంట్లో ఏం జరిగిందో, ఎందుకు జరిగిందో ఆ పిల్లకి మాత్రం ఎవరూ చెప్పరు.

దీని వెనక పాత కారణమే ఉందనిపిస్తుంది నాకు. బాల్యవివాహాల రోజుల్లో పిల్ల సమర్తాడిందంటే అత్తవారికి కబురు వెళ్ళేది. ఆపైన ముహూర్తం, కాపురం. అంటే ఆ వేడుక పిల్ల కోసం కాదు, పెద్దవాళ్ళ కోసం. తెలియాల్సింది అత్తింట్లో అదే తెలుస్తుందిలే అనుకునేవారు.

1929లో శారదా చట్టం ఆడపిల్ల పెళ్ళి వయసు 14 అంది. 1978లో అది 18 అయింది. ఇప్పుడు చదువులూ ఉద్యోగాలూ అయ్యాకే పెళ్ళి. సమర్తకీ పెళ్ళికీ మధ్య పదేళ్ళు, పన్నెండేళ్ళు వచ్చి చేరాయి. వేడుక మిగిలింది కానీ, ఆ ఏళ్ళకి కావలసిన మాట మాత్రం పుట్టలేదు. నేను బి.ఏ.లో తెలుగే చదివాను. ఈ సంగతికి మన దగ్గరున్న మాటలు చూడండి: బయట చేరడం, దూరం ఉండటం, కాకి ముట్టడం. అన్నీ దాటేసే మాటలే.

పోనీ బడిలో చెప్తారా అంటే, 2005లో కేంద్రం కౌమార విద్య అని మొదలుపెట్టింది. 2007లో మహారాష్ట్ర, కర్ణాటక, మధ్యప్రదేశ్ లాంటి రాష్ట్రాలు వద్దన్నాయి. 2009లో మన వెంకయ్యనాయుడు గారి అధ్యక్షతన ఉన్న రాజ్యసభ కమిటీ కూడా అది మన సంస్కృతికి సరిపడదనే చెప్పింది.

అదే 2007లో కేంద్ర మహిళా శిశు సంక్షేమ శాఖ 13 రాష్ట్రాల్లో పన్నెండు వేల మందికి పైగా పిల్లల్ని అడిగి ఒక నివేదిక ఇచ్చింది. నూటికి 53 మంది ఏదో ఒక రకం లైంగిక వేధింపు పడ్డామన్నారు. ఎక్కువగా ఉన్న నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. చేసినవాళ్ళలో సగం మంది తెలిసినవాళ్ళే. మగపిల్లలూ ఆడపిల్లలతో సమానంగా బాధపడ్డారు. వాళ్ళకి ఆ చాప, పేరంటం కూడా లేవు, అడిగే దిక్కూ లేదు.

2012లో పోక్సో చట్టం వచ్చింది. మంచిదే. కానీ పిల్ల నోరు తెరిచి చెప్పాలంటే, చెప్పడానికి ఒక మాట ఉండాలి కదా! ఆ మాట కోర్టు ఇవ్వలేదు. తలంటు పోసేటప్పుడు కన్ను, ముక్కు అని నేర్పినట్టే మిగతా పేర్లూ మనమే నేర్పాలి. "ఎవరైనా ముట్టుకుంటే అమ్మకి చెప్పు, నిన్ను తిట్టను" అనాలి. చిమ్మిలి ఉండలు మానెయ్యక్కర్లేదండీ. వాటితో పాటు ఈ నాలుగు ముక్కలూ చెబితే చాలు.