మాస్క్, లేయర్, ఫైలు: హైదరాబాద్‌లో చిత్ర సవరణ చరిత్ర

హైటెక్ సిటీ చరిత్రను 1998 నవంబరు 22న ప్రధాని అటల్ బిహారీ వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించిన ఘట్టంతో మొదలుపెట్టడం పరిపాటి. భవనాలు, కంపెనీలు, ఎగుమతుల లెక్కలు ఆ కథలో సులువుగా ఇమిడిపోతాయి. ఆ భవనాల్లో కూర్చున్నవాళ్లు రోజంతా చేసిన పని ఏమిటన్నది మాత్రం అంత సులువుగా దొరకదు. ఈ పాఠంలో అలాంటి ఒక పనిని తీసుకుందాం. బొమ్మలో కొంత భాగాన్ని కప్పి ఉంచి, మిగతా భాగాన్ని మార్చడమే ఆ పని. ఫొటో సవరణ సాఫ్ట్‌వేర్లలో దీన్ని మాస్కింగ్ అంటారు. దానికి జంటగా ఇంకో పని ఉంది. కప్పిన తీరును కూడా కలిపి ప్రాజెక్టు ఫైలుగా సేవ్ చేసుకోవడం. రెండోది గుమాస్తా పనిలా కనిపిస్తుంది. చరిత్ర విద్యార్థికి నిజానికి అదే ముఖ్యం.

మాస్క్ ఎలా పనిచేస్తుంది

మీ ఊళ్లో పెళ్లి ఫొటోలకు కరిష్మా ఆల్బమ్ తయారుచేసే స్టూడియోకు వెళ్లి చూడండి. పెళ్లికూతురి వెనుక ఉన్న షామియానా, ప్లాస్టిక్ కుర్చీలు పోయి, ఆ స్థానంలో పూలతోట వస్తుంది. దీన్ని రెండు విధాలుగా చేయవచ్చు. మొదటిది, రబ్బరు సాధనంతో వెనుక ఉన్నదంతా చెరిపేయడం. చెరిపిన పిక్సెళ్లు పోతాయి. పొరపాటున జడకొస కూడా చెరిగిపోయి, ఫైలును అలాగే సేవ్ చేసి మూసేస్తే ఆ జడకొస ఇక తిరిగి రాదు.

రెండోది మాస్క్. ఇందులో అసలు బొమ్మను ఎవరూ ముట్టుకోరు. దాని మీద అదే కొలతల్లో నలుపు తెలుపు బొమ్మ ఒకటి అమరుస్తారు. తెల్లగా ఉన్నచోట అసలు బొమ్మ కనిపిస్తుంది, నల్లగా ఉన్నచోట దాగి ఉంటుంది, బూడిదరంగు ఉన్నచోట సగం సగం కనిపిస్తుంది. సాధారణ 8 బిట్ల ఫైలులో ఈ మాస్క్‌కు 0 నుంచి 255 వరకు 256 మెట్లు ఉంటాయి. గాలికి ఎగిరే వెంట్రుకల చుట్టూ అంచు కత్తిరించినట్టు కనిపించకుండా ఉండేది మధ్యలోని ఈ బూడిదరంగు మెట్ల వల్లనే. జడకొస పొరపాటున దాగిపోతే అక్కడ తెల్లరంగు కుంచె తిప్పితే చాలు, మళ్లీ వస్తుంది.

కంప్యూటరుకు ముందు

ఈ ఆలోచన కంప్యూటరుతో పుట్టలేదు. 1857లో ఇంగ్లండులో ఆస్కార్ రెయ్‌లాండర్ అనే ఫొటోగ్రాఫర్ 30కి పైగా నెగటివ్‌లను ఒకే కాగితం మీద ఒకదాని పక్కన ఒకటి ముద్రించి ఒక పెద్ద చిత్రం తయారుచేశాడు. ఒక నెగటివ్ ముద్రిస్తున్నప్పుడు మిగతా కాగితానికి వెలుతురు తగలకుండా కప్పి ఉంచాడు. కంప్యూటరులోని మాస్క్ చేసేదీ ఇదే.

మన నగరానికి వస్తే, రాజా దీన్‌దయాళ్ 1886లో సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టారు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్‌గా పేరు పొందారు. ఆ కాలపు స్టూడియోలన్నింటిలోనూ గాజు నెగటివ్ మీద పెన్సిల్‌తో ముఖాన్ని సరిదిద్దడం, అక్కరలేని భాగాన్ని వెలుతురు చొరబడని రంగుతో పూసి కప్పేయడం మామూలు పని. పూసిన రంగు గాజు పలక మీదే ఉంటుంది కాబట్టి పలక దొరికితే సవరణ కూడా దొరుకుతుంది. దీన్‌దయాళ్ స్టూడియోకు చెందిన 2,857 గాజు నెగటివ్‌లను 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం సేకరించింది. ముద్రించిన ఫొటో చెప్పని సంగతులను పలక చెప్పగలదు. ఈ మాట గుర్తుంచుకోండి, ముందు దీనితో పని ఉంది.

ఆఫ్‌సెట్ ముద్రణ వచ్చాక మాస్క్ ఎర్రబడింది. ఫిల్ము మీద ఎర్రటి పలుచని పొరను బ్లేడుతో కోసి, కావలసిన ఆకారం మేరకు ఉంచి మిగతాది ఒలిచేసేవారు. లిథో ఫిల్ముకు ఎరుపు కనిపించదు. అందువల్ల మన కంటికి ఎర్రగా, పారదర్శకంగా ఉన్నది ఫిల్ముకు కటిక నలుపుతో సమానం. ఫొటోషాప్‌లో క్విక్ మాస్క్ నొక్కగానే తెర మీద ఎర్రటి పొర పరుచుకోవడం ఆ పాత పద్ధతికి గుర్తు. ఇప్పుడు నేర్చుకుంటున్న పిల్లలకు ఎరుపే ఎందుకో తెలియదు. బ్లేడుతో ఫిల్ము కోసిన పెద్దవాళ్లకు చెప్పనక్కరలేదు.

సినిమాలో ఈ పని కెమెరా లోపలే జరిగేది. లెన్సు ముందు నల్లని అట్టతో సగం కప్పి ఒకసారి, ఫిల్మును వెనక్కి తిప్పి రెండో సగం కప్పి ఇంకోసారి చిత్రీకరిస్తే ఒకే నటుడు రెండు వేషాల్లో పక్కపక్కన నిలబడతాడు. 1957 మార్చి 27న విడుదలైన 'మాయాబజార్'లో కె.వి.రెడ్డి దర్శకత్వంలో ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లే చూపిన మాయలు కంప్యూటరు అన్నది లేని రోజులవి. కెమెరా పనితనంలో తప్పు జరిగితే దిద్దుకునే వీలు లేదు, మళ్లీ తీయాల్సిందే.

సేవ్ చేయడం అనే సమస్య

1977లో న్యూయార్క్‌లో ఆల్వీ రే స్మిత్, ఎడ్ క్యాట్‌మల్ అనే ఇద్దరు పరిశోధకులు ప్రతి పిక్సెల్‌కూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం అంకెలతోపాటు నాలుగో అంకెను చేర్చారు. ఆ పిక్సెల్ ఎంతమేరకు కనిపించాలో చెప్పే ఆ అంకెను ఆల్ఫా అన్నారు. ఆ రోజుల్లో జ్ఞాపకశక్తి ఖరీదైన సరుకు. అయినా మాస్క్‌ను బొమ్మతోపాటు దాచిపెట్టాలని నిర్ణయించడం పెద్ద మలుపు.

థామస్, జాన్ నోల్ అన్నదమ్ములు రాసిన ఫొటోషాప్ 1990లో విడుదలైంది. మొదటి రూపంలో లేయర్లు లేవు. అవి 1994లో మూడో రూపంతో వచ్చాయి. అప్పటి నుంచి ఫైలు అంటే ఒక బొమ్మ కాదు, ఒకదాని మీద ఒకటి పేర్చిన పొరలు, వాటి మాస్క్‌లు. వీటన్నింటినీ దాచేది పీఎస్‌డీ ఫైలు. 1992లో ప్రమాణంగా స్థిరపడిన జేపెగ్‌లో వీటికి చోటు లేదు. జేపెగ్‌గా సేవ్ చేయగానే పొరలన్నీ కలిసిపోయి ఒకటే బొమ్మ అవుతుంది. పైగా సేవ్ చేసిన ప్రతిసారీ కొంత వివరం నష్టపోతుంది.

ఉచితంగా దొరికే గింప్‌ను బర్క్‌లీ విద్యార్థులు స్పెన్సర్ కింబల్, పీటర్ మాటిస్ 1995లో మొదలుపెట్టారు. దాని ప్రాజెక్టు ఫైలు ఎక్స్‌సీఎఫ్. వాళ్లు పనిచేసిన విద్యార్థి కంప్యూటర్ బృందం పేరులోని పొడి అక్షరాలవి. 2012లో వచ్చిన గింప్ 2.8లో ఒక మార్పు చేశారు. సేవ్ నొక్కితే ఎక్స్‌సీఎఫ్ మాత్రమే తయారవుతుంది, జేపెగ్ కావాలంటే ఎక్స్‌పోర్ట్ అనే వేరే ఆదేశం ఇవ్వాలి. చాలామంది విసుక్కున్నారు. ఒక్క నొక్కుతో అయ్యే పనికి రెండెందుకని గొడవ. నా అభిప్రాయంలో ఆ మార్పు సబబే. పనిని దాచుకోవడం, పని ఫలితాన్ని బయటికి పంపడం ఒకటి కావని ఆ మెనూ చెబుతుంది.

అభ్యాసం: ఒక ఫొటోకు మాస్క్ వేసి, ప్రాజెక్టు ఫైలుగా ఒకసారి, జేపెగ్‌గా ఒకసారి దాచండి. రెండింటినీ మూసి తెరిచి, దేనిలో ఏమి మిగిలిందో మీ మాటల్లో రాయండి.

మాయాబజార్‌కు రంగులు

హైదరాబాద్‌లో మాస్క్ పని ఎంత పెద్దదో తెలియాలంటే 'మాయాబజార్'నే మళ్లీ చూడాలి. నగరానికి చెందిన గోల్డ్‌స్టోన్ టెక్నాలజీస్ 2007లో ఈ చిత్రంతోపాటు మరికొన్ని పాత తెలుగు చిత్రాల హక్కులు తీసుకుంది. 165 మంది సుమారు ఎనిమిది నెలలు పనిచేసి నలుపు తెలుపు చిత్రానికి రంగులు అద్దారు. ఆ ప్రతి 2010 జనవరి 30న విడుదలైంది.

రంగులు అద్దడం అంటే ఏమిటి? సినిమా సెకనుకు 24 ఫ్రేములు. గంటకు 86,400. మూడు గంటల చిత్రానికి రెండున్నర లక్షలకు పైమాటే. ప్రతి ఫ్రేములో ముఖానికి ఒక మాస్క్, చీరకు ఒకటి, నగలకు ఒకటి, గోడకు ఒకటి ఉండాలి. ఒక్కో ఫ్రేముకు సగటున ఐదు మాస్క్‌లే అనుకున్నా మొత్తం దాదాపు 13 లక్షలు. అన్నీ చేత్తో గీయరు. కొన్ని ముఖ్యమైన ఫ్రేములలో ఆకారం గీస్తే మధ్యవి కంప్యూటర్ అంచనా కడుతుంది, మనిషి సరిచూస్తాడు. నృత్యం, నీడ, పొగ ఉన్నచోట ఆ అంచనా తప్పుతుంది, అప్పుడు మళ్లీ చేయి పడాలి. 165 మందికి ఎనిమిది నెలలంటే 1,320 మనిషి నెలలు. ఒక్కరే కూర్చుని చేస్తే 110 ఏళ్లు పట్టే పని.

నలుపు తెలుపు ఫిల్ము వెలుతురు ఎంత అన్నది నమోదు చేస్తుంది, శశిరేఖ చీర రంగు ఏదో చెప్పదు. కాబట్టి రంగు ప్రతిలో మనం చూసేది 1957 నాటి రంగు కాదు, దశాబ్దాల తర్వాత కొందరు తీసుకున్న నిర్ణయం. పాత చిత్రాన్ని ముట్టుకోవచ్చా అనే వాదన ఇక్కడి నుంచే వస్తుంది. అసలు ప్రతి చెక్కుచెదరకుండా ఉన్నంత వరకు రంగు ప్రతిని ఒక వ్యాఖ్యానంగా చూడటమే న్యాయం. అయితే ఆ వ్యాఖ్యానం ఎలా తయారైందో తెలియాలంటే ఏ ఫ్రేములో ఎక్కడ మాస్క్ వేశారో, ఏ రంగు ఎంచారో చెప్పే ప్రాజెక్టు ఫైళ్లు కావాలి. థియేటరుకు వెళ్లే ప్రతిలో అవి ఉండవు. హక్కుల చిక్కులతో మిగతా చిత్రాల వరుస ముందుకు సాగలేదు.

పులి, దివాలా, ఒక సాఫ్ట్‌వేర్

లాస్ ఏంజెలెస్‌లో 1987లో పుట్టిన రిథమ్ అండ్ హ్యూస్ స్టూడియోకు హైదరాబాద్‌లోనూ శాఖ ఉండేది. 2012లో వచ్చిన 'లైఫ్ ఆఫ్ పై' చిత్రంలోని పులి ఈ స్టూడియో సృష్టి. హైదరాబాద్ కళాకారులు కూడా ఆ చిత్రానికి పనిచేశారు. ఇలాంటి స్టూడియోలలో కొత్తగా చేరినవారికి మొదట అప్పగించేది రోటో. నటుడి ఆకారం చుట్టూ ఫ్రేము తర్వాత ఫ్రేము గీత గీసి మాస్క్ తయారుచేయడం. అమీర్‌పేటలో మల్టీమీడియా కోర్సు చదివి మాదాపూర్ బస్సెక్కిన చాలామంది ఈ మెట్టు మీదే మొదలయ్యారు. పని బాగా చేస్తే ఎవరికీ కనిపించదు, చెడగొడితేనే కనిపిస్తుంది.

2013 ఫిబ్రవరిలో ఆ సంస్థ దివాలా రక్షణ కోరింది. అదే నెల 24న 'లైఫ్ ఆఫ్ పై' విజువల్ ఎఫెక్ట్స్ ఆస్కార్ అందుకుంది. వేదిక మీద సంస్థ కష్టాల గురించి మాట్లాడబోతే సంగీతం పెంచి ఆపేశారు. బయట వీధిలో వందలాది ఎఫెక్ట్స్ కార్మికులు నిరసన తెలిపారు. తమకు ముట్టే ధర తక్కువ, మార్పుల భారం ఎక్కువ అన్నది వారి ఫిర్యాదు. చవకగా పనిచేసే దేశాలకు పని తరలడం కూడా ఆ కథలో భాగమే, హైదరాబాద్ ఆ లెక్కలో అవతలి పక్షాన ఉంది. ఒకరి ఉపాధి మరొకరి నష్టంగా కనిపించే ఈ చోటును తేలిగ్గా దాటవేయకూడదు.

అదే ఏడాది మే నెలలో, 2012 నాటి 'ఈగ'కు జాతీయ అవార్డులు అందాయి. వాటిలో ఉత్తమ స్పెషల్ ఎఫెక్ట్స్ అవార్డు హైదరాబాద్‌లోని మకుట వీఎఫ్ఎక్స్‌కు దక్కింది. 2015లో 'బాహుబలి' జలపాతం వచ్చేసరికి మాస్క్ పని ఎగుమతి సరుకుగా మాత్రమే మిగల్లేదు, తెలుగు సినిమా సొంత అవసరం అయింది.

రిథమ్ అండ్ హ్యూస్ కథకు ఇంకో కొస ఉంది. గింప్‌ను సినిమా పనికి మలచిన ఫిల్మ్ గింప్‌ను ఆ స్టూడియో ప్రోత్సహించింది. అక్కడి ఉద్యోగి కాల్విన్ విలియమ్సన్ 2000 ప్రాంతంలో జెగల్ అనే కొత్త ఇంజన్‌కు శ్రీకారం చుట్టాడు. అసలు బొమ్మను మార్చకుండా, మార్పులను ఒక గొలుసుగా రాసిపెట్టుకోవాలన్నది దాని మూల ఆలోచన. మాస్క్ సూత్రాన్నే ప్రతి సవరణకూ విస్తరించడమన్నమాట. పాత యాజమాన్యంలోని సంస్థ 2013లోనే ముగిసింది. ఆ ఆలోచన మాత్రం 2025 మార్చిలో వచ్చిన గింప్ 3.0లో, ఫిల్టర్లను తర్వాత కూడా మార్చుకునే సౌకర్యంగా మామూలు వాడకందారు చేతికి అందింది.

మిగిలే ఆధారాలు

దీన్‌దయాళ్ గాజు పలక పగలకపోతే వందేళ్ల తర్వాత కూడా వెలుతురుకు ఎత్తి చూడవచ్చు. ప్రాజెక్టు ఫైలు అలా కాదు. దాన్ని తెరిచే సాఫ్ట్‌వేర్ ఉండాలి, డిస్కు పనిచేయాలి, దాచుకోవాలని ఎవరో ఒకరు అనుకోవాలి. మన ఊళ్లలో దీనికి తోడు ఇంకో చిక్కు ఉంది. ఫ్లెక్సీలు, పెళ్లి పత్రికలు తయారుచేసే డీటీపీ దుకాణాల్లో తెలుగు అక్షరాలను ఏళ్ల తరబడి అను ఫాంట్లలో కూర్చారు. అవి యూనికోడ్ కావు. పాత పీఎస్‌డీని ఆ ఫాంటు లేని కంప్యూటరులో తెరిచి అక్షరాల పొరను కదిపితే, నాయకుడి ముఖం చుట్టూ వేసిన మాస్క్ చక్కగానే ఉంటుంది, కింద పేరు ఉన్నచోట మాత్రం అర్థం కాని ఇంగ్లిషు అక్షరాలు, గుర్తులు వరుసగా కనిపిస్తాయి. మీ ప్రాజెక్టు పని కోసం అలాంటి దుకాణానికి వెళ్లినప్పుడు, గోడకున్న నమూనాలను ఫొటో తీసుకుని వచ్చేయకండి. పాత సీడీలు, హార్డ్ డిస్కులు ఏమైనా ఉన్నాయా అని యజమానిని అడగండి. ఫైలు పేర్లు, తేదీలు రాసుకోండి, ఏ ఫాంటు వాడారో కూడా అడిగి రాసుకోండి.