రెండు చిప్‌ల ల్యాప్‌టాప్: ఆ మీట ఎటు పోయింది?

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, హాస్టల్లో కరెంటు పోతే మనం ముందు చూసేది బ్యాటరీ ఎంతుందనే. ఈ చింత పాతదే. 2006లో సోనీ వాయో ఎస్‌జెడ్ మీద చిన్న మీట ఉండేది. ‘స్టామినా’ వైపు నెడితే ఇంటెల్ గ్రాఫిక్స్, బ్యాటరీ ఎక్కువసేపు వస్తది. ‘స్పీడ్’ వైపు నెడితే ఎన్విడియా చిప్. మార్చిన ప్రతిసారీ రీస్టార్ట్ చేయాల్సిందే! 2008 మ్యాక్‌బుక్ ప్రోలో లాగవుట్ అయితే సరిపోయేది.

2010లో ఎన్విడియా ‘ఆప్టిమస్’ తెచ్చింది, మీట అవసరమే పోయింది. తెర ఇంటెల్ చిప్‌కే కలిపి ఉంటది. పెద్ద చిప్ బొమ్మ తయారుచేసి దానికి అందిస్తది, పని లేనప్పుడు ఆగిపోతది. లినక్స్‌కు ఈ సౌకర్యం మొదట్లో రాలేదు. 2011లో వాలంటీర్లే ‘బంబుల్‌బీ’ రాసుకున్నారు.

మేం సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్‌లో లినక్స్ వేసినప్పుడు ఇదంతా తెలీదు. పెద్ద చిప్ ఊరికే నడుస్తుంటే, బ్యాటరీ పాడైందనుకుని కొత్తది కొన్నాం.