పిల్లాడి చెప్పులు, టైరు ముక్క, కొంచెం చరిత్ర

చిల్లకూరు అంటే గూడూరు వైపు వాళ్లకి హైవే గుర్తొస్తుంది, ఇంకొందరికి సిలికా ఇసుక. (2022 ఏప్రిల్‌లో ఈ మండలాన్ని తిరుపతి జిల్లాలో కలిపారు గానీ మన నోటికి అప్పుడూ నెల్లూరే వచ్చేది.) ఆ ఇసుకలో ఎండాకాలం నడవాల్సిన పిల్లల కాళ్ల గురించి ఈ నాలుగు ముక్కలు. దుకాణంలో కొనే రోజులు రాకముందు పిల్లాడికి చెప్పులు ఎవరు చేసేవాళ్లు? దేంతో?

"మాదిగలు కుట్టేవాళ్లు" అని ఒక్క మాటలో తేల్చేస్తాం. ఆ మాట వెనక పెద్ద సిస్టమే ఉంది. చచ్చిన పశువు తోలు తీసి, లందలో నానబెట్టి, తంగేడు చెక్కతో పదును చేసి, రంపెతో కోసి, ఆరెతో కుట్టి రైతుకి చెప్పులు, బావికి కపిల తోలు ఇవ్వాలి. బదులుగా కళ్లంలో గింజలు. మన భాషలో చెప్పాలంటే ఏడాది మెయింటెనెన్సు కాంట్రాక్టు. కాకపోతే రేటు అడిగే హక్కు, మానేసే హక్కు రెండో పార్టీకి లేవు. నిజాం తెలంగాణాలో దొరల గడీలకైతే అది వెట్టే. అన్నిటికన్నా చేదు సంగతి: చెప్పులు కుట్టినవాడే పై కులాల వీధిలోకి రాగానే తన చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని నడవాల్సి వచ్చేది. ఇక అతని పిల్లల కాళ్ల సంగతి ఎవరికి పట్టింది?

ఈ సిస్టమ్ ఒక్కరోజులో కూలలేదు. 19వ శతాబ్దంలో మద్రాసు నుంచి తోళ్ల ఎగుమతి పెరిగి ఊరి తోలు ఊరు దాటింది. 1903లో ఆల్ఫ్రెడ్ ఛాటర్టన్ మద్రాసులో క్రోమ్ పద్ధతి మొదలుపెట్టాడు, తంగేడు చెక్కకి పోటీ వచ్చింది. తర్వాత బావులకి మోటార్లు వచ్చి కపిల తోలుతో పని లేకుండా పోయింది.

అప్పుడొచ్చింది పాత టైరు. వియత్నాంలో, మెక్సికోలో, కెన్యాలో పేదవాళ్లు ఏం చేశారో మనవాళ్లూ అదే చేశారు. పద్ధతి సులువే. పిల్లాడి పాదం కాగితం మీద ఆనించి గీత గీయాలి. పెరిగే కాలు కాబట్టి ముందు వేలెడు ఎక్కువ వదలాలి. కత్తికి సబ్బు నీళ్లు రాస్తే రబ్బరు తెగుతుంది. పట్టీలకి పాత ట్యూబు. గాటు పట్టీ వెడల్పు కన్నా కాస్త చిన్నగా పెడితే బిగిసి కూర్చుంటుంది. మడమ వెనక పట్టీ తప్పదు, లేకపోతే పిల్లాడు పరిగెత్తగానే జారిపోతుంది. తోలు తడిసి ఆరితే బిగుసుకుంటుంది, రబ్బరుకి ఆ బాధ లేదు. ఇప్పటి రేడియల్ టైర్లలో ఉక్కు తీగలుంటాయి, మామూలు కత్తికి లొంగవు. పాత నూలు, నైలాన్ టైర్లు తగ్గేకొద్దీ ఈ పనీ కష్టమైంది.

నాకు ఇందులో నచ్చింది ఒకటుంది. తోలుకి అంటుకున్న కులం రబ్బరుకి అంతగా అంటుకోలేదు. కుట్టేవాడి మీద చిన్నచూపు పోలేదు, నిజమే. కానీ ఒక తండ్రి తన పిల్లాడి కోసం ఎవరి అనుమతీ లేకుండా, ఎవరి కళ్లం దగ్గరా నిలబడకుండా చెప్పులు చేయగలిగాడు.

పిల్లలకి చెప్పులు సోకు కాదండీ. కొంకిపురుగు లార్వా నేలలోంచి వట్టికాళ్ల చర్మం గుండానే ఒంట్లోకి వెళ్తుంది, రక్తం పీల్చి నీరసం తెస్తుంది. 1909లో రాక్‌ఫెల్లర్ కమిషన్ అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో దీని మీద పని మొదలుపెట్టింది, 1920లలో మద్రాసు ప్రెసిడెన్సీలోనూ ప్రచారం నడిచింది. అంటే ఆ టైరు ముక్క ఒక రకంగా మందు కూడా.

ఇదే హైవే మీద దక్షిణంగా పోతే తడ మండలం మాంబట్టు. అక్కడి అపాచీ ఫ్యాక్టరీలో అడిడాస్ బూట్లు తయారవుతాయి, ప్రపంచమంతా తిరుగుతాయి. సంతోషమే. కానీ ఏ కాలంలోనైనా అడగాల్సిన ప్రశ్న ఒకటే: చెప్పులు చేసే చేతుల తాలూకు పిల్లలకి చెప్పులు ఉన్నాయా? మన ఊళ్లు ఆ ప్రశ్న వందల ఏళ్లు అడగలేదు. టైరు ముక్క కోసిన తండ్రి ఒక్కడే దానికి జవాబు చెప్పాడు.